ఎదుటివాడి ఫైలు



తిరుపతిలో తిరుచానూరు రోడ్డు మీద తిరిగేవాళ్లకు అక్కడి పెద్ద కరెంటాఫీసు తెలిసే ఉంటుంది. మనం బిల్లు కట్టే కౌంటరు లాంటిది కాదది. ఆంధ్రప్రదేశ్ దక్షిణ ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థకు, అంటే ఎస్పీడీసీఎల్‌కు, ప్రధాన కార్యాలయం. 2000లో పుట్టిన సంస్థ. ఒకప్పుడు కృష్ణా, గుంటూరు జిల్లాల దాకా దీని తీగలే పారేవి. 2019 చివర్లో విజయవాడలో ఇంకో డిస్కం, అంటే పంపిణీ సంస్థ, పెట్టాక ఇప్పుడు రాయలసీమ, నెల్లూరు దీని కింద మిగిలాయి. కుప్పం నుంచి సూళ్లూరుపేట దాకా ఎవరింట్లో ఫ్యాను తిరిగినా, ఎవరి బోరు మోటరు మొరాయించినా ఆ తీగ కొస ఈ ఆఫీసులోనే ఉంటుంది.

2021 డిసెంబరు 1న ఈ సంస్థ, రాష్ట్రంలోని మిగతా రెండు డిస్కంలతో పాటు, ఒక కాగితం మీద సంతకం పెట్టింది. కేంద్ర ప్రభుత్వ సంస్థ అయిన సెకీ, అంటే భారత సౌర ఇంధన సంస్థ, ద్వారా 7,000 మెగావాట్ల సౌర విద్యుత్తు కొంటామన్న ఒప్పందం అది. యూనిట్ 2 రూపాయల 49 పైసలు. గడువు 25 ఏళ్లు. ఆ రోజు పుట్టిన ఆడబిడ్డకు పెళ్లయి, కడుపు పండేదాకా ఆ సంతకం నడుస్తుంది. అంత పొడుగు మాట ఇచ్చిన ముచ్చట ఆ రోజు ఊళ్లో ఎంతమందికి తెలుసు? నాకు తెలియదు. పేపర్లు రోజూ చదివేవాడిని, నాకే సరిగా పట్టలేదు.

ఈ కరెంటు ఎందుకు కొన్నారో మొదట చెప్పుకుందాం. మన చిత్తూరు జిల్లాలో ఏరు పారి పండే కయ్యలు ఎన్ని? బోరు ఉంటే మామిడి చెట్టు బతుకుతుంది, టమాటా తోట నిలుస్తుంది, చెరకు కయ్య పచ్చగా ఉంటుంది. ఆ బోరు కూడా వెయ్యి అడుగులు దింపితే నీళ్లు పడొచ్చు, పడకపోవచ్చు. 2004లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రి అయిన రోజున ఉచిత విద్యుత్తు ఫైలు మీద సంతకం పెట్టారు. ఆ తర్వాత ఏ పార్టీ వచ్చినా దాన్ని తీసేసే ధైర్యం చేయలేదు. రైతుకు పగలే తొమ్మిది గంటలు ఇస్తామన్నారు. పగటి కరెంటు కావాలంటే ఎండను మించినది లేదు కదా. కాబట్టి సౌర విద్యుత్తు కొన్నారు. ఇక్కడిదాకా ఎవరికీ తగవు లేదు.

తగవంతా ఎవరి దగ్గర, ఎంతకు, ఎంత తొందరగా కొన్నారన్న దగ్గర. ఇరాల వైపు మామిడి రైతు ఒకాయన నన్నడిగిన ప్రశ్న ఇప్పటికీ చెవిలో ఉంది. "ఏం సామీ, సూర్యుడు మన ఊర్లో పొడవడం ల్యాదా? రాజస్థాన్ నించి తెచ్చుకోవల్నా?" వినడానికి హాస్యంగా ఉన్నా ప్రశ్న సూటిగా ఉంది. సెకీ ఇస్తానన్న కరెంటు పుట్టేది రాజస్థాన్ ఎడారిలో. మన సీమలోనేమో ఓర్వకల్లు దగ్గర వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు ఉంది, ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఎన్.పి.కుంట ఉంది. రైతుల కరెంటు కోసమే రాష్ట్రంలో 6,400 మెగావాట్లకు టెండర్లు కూడా పిలిచారు. టాటా పవర్ అనుబంధ సంస్థ ఒకటి ఆ టెండరు షరతుల మీద హైకోర్టుకు పోయింది, 2021 జూన్‌లో కోర్టు ఆ టెండర్లను కొట్టేసింది. మూడు నెలలు తిరక్కుండానే సెకీ ఉత్తరం వచ్చింది.

ఆ తేదీలు కాస్త నిదానంగా వినండి. సెకీ ఉత్తరం రాసింది 2021 సెప్టెంబరు 15న. మర్నాడే, 16న, మంత్రివర్గం ముందుకు విషయం వచ్చింది. అక్టోబరు 28న మంత్రివర్గం ఆమోదించింది. నవంబరులో విద్యుత్ నియంత్రణ మండలి సరేనంది. డిసెంబరు 1న సంతకాలు. మా వీధి చివర కరెంటు స్తంభం ఒకటి వంగి ఉంటే దాన్ని నిలబెట్టించడానికి నాకు ఇంతకంటే ఎక్కువ కాలం పట్టింది. స్తంభాన్నీ ఒప్పందాన్నీ ఒక గాటన కట్టకూడదని తెలుసు. అయినా చెప్పుకోవాలనిపించింది.

అప్పుడు ప్రతిపక్షంలో ఉన్న తెలుగుదేశం నాయకుడు పయ్యావుల కేశవ్ లెక్కలు పట్టుకుని ముందుకొచ్చారు. సీపీఐ రాష్ట్ర కార్యదర్శి కె. రామకృష్ణ వచ్చారు. ఇద్దరూ హైకోర్టు తలుపు తట్టారు. 2020 డిసెంబరులో గుజరాత్ వేలంలో యూనిట్ రూపాయి 99 పైసలకే దొరికినప్పుడు మనం 2 రూపాయల 49 పైసలు ఎందుకివ్వాలని అడిగారు. రాజస్థాన్ నుంచి ఇక్కడికి తెచ్చే దారి ఖర్చులూ, నష్టాలూ కలిపితే అసలు ధర ఎక్కడికో పోతుందన్నారు. ప్రభుత్వం దగ్గరా జవాబుంది. అంతర్రాష్ట్ర ప్రసార చార్జీల మాఫీ మనకుంది, మనం సగటున 5 రూపాయల పైన పెట్టి కొంటున్నాం, దానితో పోలిస్తే ఏడాదికి 4,400 కోట్లు, 25 ఏళ్లకు లక్షా పది వేల కోట్లు మిగులుతాయని అప్పటి ముఖ్యమంత్రి జగన్మోహన్ రెడ్డి తర్వాత చెప్పారు. ఒప్పందం కేంద్ర సంస్థతోనే, మధ్యలో మూడో మనిషి లేడన్నారు.

రెండు లెక్కలూ విన్నారు కదా. ఏది సరి? లెక్క సరిచూడాలంటే కాగితాలు ముందుండాలి. మంత్రివర్గానికి పెట్టిన నోట్‌లో ఏముంది, ఆర్థిక శాఖ ఏమంది, ఇంధన శాఖ ఏమంది, ఆ సమయంలో వేరే రేట్లు చూశారా లేదా అన్నది ఆ రోజు బల్ల మీద లేదు. బల్ల మీద మైకులు మాత్రం ఉన్నాయి.

మూడేళ్లు గడిచాయి. 2024 నవంబరు 20న న్యూయార్క్ నగరం బ్రూక్లిన్‌లోని ఫెడరల్ ప్రాసిక్యూటర్లు, సెకీకి సౌర కరెంటు సరఫరా చేయాల్సిన కంపెనీ అధిపతి గౌతమ్ అదానీ మీదా మరికొందరి మీదా నేరారోపణ పత్రం బయటపెట్టారు. సెకీ కొనుగోలుదారులను వెతుక్కుంటున్న రోజుల్లో, రాష్ట్రాలు ఆ కరెంటు కొనేలా చేయడానికి భారతీయ అధికారులకు లంచాలు ఇవ్వజూపారన్నది అందులోని ఆరోపణ. అందులో పెద్ద ముక్క, సుమారు 1,750 కోట్ల రూపాయలు, ఆంధ్రప్రదేశ్‌కు చెందిన ఒక పెద్ద పదవిలోని మనిషికి అని రాశారు. పేరు రాయలేదు. అదానీ సంస్థ ఆరోపణలన్నీ నిరాధారమంది. జగన్ కూడా ఖండించారు, రెండు పత్రికల మీద పరువు నష్టం దావా వేస్తానన్నారు. ఆరోపణ వేరు, రుజువు వేరు. ఆ గీత దాటి నేను ఒక్క మాట కూడా అనను.

గీతకు ఇవతల నిలబడి కూడా ఒకటి అడగొచ్చు. తిరుచానూరు రోడ్డు ఆఫీసు సంతకం పెట్టిన ఒప్పందం వెనక ఏ తేదీన ఎవరు ఎవరిని కలిశారన్న వివరాలను తిరుపతి వాళ్లు బ్రూక్లిన్ కోర్టు కాగితాల్లో చదువుకోవలసి రావడమేమిటి? అమెరికా మదుపరుల డబ్బు ఆ కంపెనీ బాండ్లలో ఉంది కాబట్టి అక్కడ కాగితాలు కదిలాయి. మన డబ్బు మన బిల్లులోనే ఉంది. మన కాగితాలు కదల్లేదు.

ఆ వేడిలోనే ఒంగోలు నాయకుడు బాలినేని శ్రీనివాసరెడ్డి ఒక సంగతి చెప్పారు. ఒప్పందం నాటికి ఆయనే ఇంధన మంత్రి. అప్పటికి పార్టీ మారి జనసేనలో ఉన్నారు. ఒక రాత్రి ఒంటిగంటకు ఇంధన శాఖ కార్యదర్శి ఫోన్ చేసి నిద్రలేపి సెకీ ఫైలు మీద సంతకం పెట్టమన్నారనీ, తాను పెట్టలేదనీ ఆయన మాట. పాత పార్టీ వాళ్లు దాన్ని కొట్టిపారేశారు, మంత్రివర్గంలో మీరూ ఉన్నారు కదా అన్నారు. ఎవరి మాట నిజమో నేను తేల్చలేను. కానీ ఆ మాట చెప్పడానికి ఆయనకు మూడేళ్లు, ఒక ఎన్నిక, ఒక పార్టీ మార్పు కావలసి వచ్చాయి. మంత్రిగా ఉన్నప్పుడే చెప్పి ఉంటే దాని విలువ వేరు.

ఇప్పుడు ఇటు చూద్దాం. 2024 జూన్‌లో ప్రభుత్వం మారింది. హైకోర్టుకు పోయిన పయ్యావుల కేశవ్ ఆర్థిక మంత్రి అయ్యారు. అడిగిన మనిషికే బీరువా తాళాలు దొరికాయి. ఇంక ఫైలంతా బజార్లో పడుతుందని అనుకున్నవాళ్లలో నేనూ ఒకడిని. అమెరికా కేసు బయటపడ్డాక అసెంబ్లీలో ముఖ్యమంత్రి చంద్రబాబు, నివేదికలు తెప్పించుకున్నాం, పరిశీలిస్తాం అన్నారు. ఆ తర్వాత ఒప్పందం రద్దు చేస్తే జరిమానాలు కట్టాలి, గట్టి ఆధారం కావాలి అన్న మాటలు వినిపించాయి. అవి తప్పు మాటలు కావు. సంతకం పెట్టిన కాగితాన్ని చించడం అంత తేలిక కాదు. కానీ చించడం వేరు, చూపించడం వేరు. చూపించడానికి జరిమానా ఎవరు వేస్తారు?

ఇటు పక్షాన్నే అంటున్నానని ఎవరైనా అనుకుంటే కొంచెం వెనక్కి రండి. 2019లో ఇదే తగవు తిరగేసి నడిచింది. జగన్ అధికారంలోకి వచ్చిన కొద్ది వారాలకే, జులై 1న, చంద్రబాబు హయాంలో కుదిరిన గాలి, సౌర విద్యుత్తు ఒప్పందాలను తిరగదోడడానికి కమిటీ వేశారు. గాలి కరెంటుకు యూనిట్ 4 రూపాయల 84 పైసలు పెట్టారు, అది దోపిడీ అన్నారు. తెలుగుదేశం వాళ్లు, ఒప్పందాలను గౌరవించకపోతే పెట్టుబడులు రావన్నారు. ఢిల్లీ నుంచి ఇంధన మంత్రి ఆర్.కె. సింగ్ ఉత్తరాలు రాశారు. కంపెనీలు కోర్టుకెక్కాయి. 2022 మార్చిలో హైకోర్టు ధర్మాసనం, రాసుకున్న రేటు ప్రకారం బాకీలు కట్టాల్సిందేనంది. అంటే 2019లో "ఒప్పందం పవిత్రం" అన్నవాళ్లు 2021లో "ఒప్పందం చించండి" అన్నారు. "చించుతాం" అన్నవాళ్లు "ఒప్పందం పవిత్రం" అన్నారు. 2025లో మళ్లీ చక్రం తిరిగింది. యాక్సిస్ సంస్థ దగ్గర 400 మెగావాట్లు యూనిట్ 4 రూపాయల 60 పైసలకు కొనడమేమిటి, మేం 2 రూపాయల 49 పైసలకు కొంటే కుంభకోణమన్నారే అని జగన్ అడిగారు. అది గాలి, ఎండ, బ్యాటరీ కలిసిన కరెంటు, పగటిపూట మాత్రమే వచ్చే ఎండ కరెంటుతో పోల్చకూడదు అని ప్రభుత్వం జవాబు. ఆ వాదనలో బలం ఉంది. జగన్ ప్రశ్నలోనూ బలం ఉంది. మళ్లీ కాగితమే లేదు.

అందుకే నాకొక అనుమానం. కంపెనీల పలుకుబడి ఎక్కడుందో వెతికేవాళ్లు ఒక పార్టీలో వెతుకుతారు. అది కుర్చీలో ఉంటుంది. కుర్చీలో కూర్చున్న ప్రతివాడికీ రహస్యం ముద్దు, దిగిన ప్రతివాడికీ బహిరంగం ముద్దు. 2024 జనవరిలో దావోస్‌లో తెలంగాణ కాంగ్రెస్ ప్రభుత్వం అదానీతో 12,400 కోట్ల పెట్టుబడుల అవగాహన కుదుర్చుకుంది. నవంబరులో కేసు బయటపడ్డాక నైపుణ్య విశ్వవిద్యాలయానికి అదానీ ఇస్తానన్న 100 కోట్లు వద్దని ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి ఉత్తరం రాశారు. అదే పార్టీ ఢిల్లీలో ఆ ఏడాది పొడవునా అదానీ మీద పార్లమెంటరీ కమిటీ అడుగుతూనే వచ్చింది.

ఇది మన తెలుగువాళ్ల రోగమే కాదు. మహారాష్ట్రలో అమెరికా కంపెనీ ఎన్రాన్ కథ గుర్తుందా? దాని దాభోల్ విద్యుత్ ప్రాజెక్టును అరేబియా సముద్రంలోకి తోసేస్తామని ఎన్నికల్లో చెప్పిన శివసేన, బీజేపీ కూటమి 1995లో గెలిచింది, రద్దు చేసింది, మళ్లీ కూర్చుని బేరమాడి సంతకం పెట్టింది. 1996 మే నెలలో పదమూడు రోజుల వాజపేయి ప్రభుత్వం, రాజీనామా చేసే ముందు చేసిన పనుల్లో ఒకటి ఆ ప్రాజెక్టుకు కేంద్ర హామీ ఇవ్వడం. అమెరికాలోనే 2001లో ఉపాధ్యక్షుడు డిక్ చెనీ ఇంధన విధానం రాయడానికి ఒక బృందాన్ని కూర్చోబెట్టారు. ఏయే చమురు, కరెంటు కంపెనీల వాళ్లను కలిశారో చెప్పమని అక్కడి పార్లమెంటుకు లెక్కలు చూసే సంస్థ అడిగితే చెప్పలేదు. కోర్టుకు పోయినా చెప్పలేదు. ఆ కలిసినవాళ్లలో ఎన్రాన్ వాళ్లూ ఉన్నారు. బ్రూక్లిన్‌లో మన కాగితాలు చదివే దేశం తన కాగితాలను అంత భద్రంగా దాచుకుంది.

మన చట్టం ఏమంటుందో కూడా చెప్పాలి. 2005 సమాచార హక్కు చట్టంలో ఎనిమిదో సెక్షను ఉంది. వ్యాపార రహస్యమైతే ఇవ్వక్కర్లేదని అందులో ఒక క్లాజు. కరెంటు ఒప్పందాల గురించి ఎవరడిగినా అధికారుల చేయి మొదట ఆ క్లాజు మీదకే పోతుంది. అదే క్లాజులో, ప్రజల మేలు అంతకంటే పెద్దదైతే ఇవ్వాలన్న మాట కూడా ఉంది. అదే సెక్షనులో ఇంకాస్త కిందికి పోతే మంత్రివర్గ పత్రాల గురించి ఉంది. నిర్ణయం తీసుకున్నాక, ఆ విషయం ముగిశాక, ఆ నిర్ణయమూ దాని కారణాలూ దానికి ఆధారమైన సామగ్రీ బహిరంగం చేయాలని రాసి ఉంది. "చేయవచ్చు" అని కాదు. "చేయాలి" అని.

ఇక బిల్లు సంగతి. రైతు బోరుకు బిల్లు రాదు, ప్రభుత్వం సబ్సిడీ కడుతుంది. కానీ లీలామహల్ సెంటర్లో టిఫిన్ అంగడి పెట్టుకున్న మనిషికి వస్తుంది, అద్దె ఇంట్లో ఉండే గుమాస్తాకు వస్తుంది. ఆ బిల్లులో వాడిన యూనిట్ల కింద సర్దుబాటు అని ఇంకో వరుస ఉంటుంది. డిస్కం ముందు అనుకున్న ఖర్చు కంటే కొన్న కరెంటు ఖరీదెక్కువైతే ఆ తేడాను తర్వాత మన దగ్గర రాబట్టుకునే పద్ధతి అది. 2024 చివర్లో నియంత్రణ మండలి రెండు ఉత్తర్వులిచ్చింది. 2022-23కు 6,072 కోట్లు, 2023-24కు 9,412 కోట్లు. జగన్ పార్టీ వైసీపీ డిసెంబరులో కరెంటాఫీసుల ముందు ధర్నాలు చేసింది. ఈ బాకీ మీ హయాంలోదే కదా అని తెలుగుదేశం అంది. వసూలు చేస్తున్నది మీరే కదా అని వాళ్లు. ఇద్దరూ నిజమే చెప్పారు. టిఫిన్ అంగడాయన మాత్రం కట్టాడు, ఇడ్లీ ధర పెంచాలా వద్దా అని ఆలోచించుకుంటూ.

స్మార్ట్ మీటర్ల కథ కూడా అదే బాటలో నడిచింది. 2020లో బోరు మోటర్లకు మీటర్లు పెడతామంటే అవి రైతుకు ఉరితాళ్లని అప్పటి ప్రతిపక్షం అంది. బిగిస్తే పగలగొట్టండని ఆ తర్వాత పాదయాత్రలో అన్న తెలుగుదేశం నాయకుడు లోకేశ్ మాటలను, ప్రభుత్వం మారాక వామపక్షాలు వీధివీధినా గుర్తుచేశాయి, అంగళ్లకూ ఇళ్లకూ అవే మీటర్లు వస్తున్నాయని. జనం ఒప్పుకోకుండా బిగించబోమని 2025లో ఇంధన మంత్రి గొట్టిపాటి రవికుమార్ చెప్పాల్సి వచ్చింది.

చివరగా ఒక తలుపు గురించి. 1998లో రాష్ట్రం విద్యుత్ సంస్కరణల చట్టం చేసినప్పుడు దాన్ని ప్రపంచ బ్యాంకు చట్టమని తిట్టనివాడు లేడు. ఆ సంస్కరణల దారిలోనే చార్జీలు పెరిగాయి, 2000 ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో కాల్పులు జరిగి ముగ్గురు పోయారు. ఆ చట్టమే, విచిత్రంగా, నియంత్రణ మండలిని తెచ్చింది. చార్జీలు పెంచాలంటే డిస్కం తన లెక్కలు బయటపెట్టాలి, పేపర్లో ప్రకటన ఇవ్వాలి, జనం అభ్యంతరాలు వినాలి. 2003 కేంద్ర చట్టమూ అదే చెప్పింది. ఒకసారి తిరుపతిలో అలాంటి విచారణకు పోయాను. పరిశ్రమల వాళ్లు ప్లీడర్లను తెచ్చుకున్నారు, లెక్కలు అచ్చేయించుకుని వచ్చారు. రైతు సంఘాల వాళ్లు ఇద్దరు ముగ్గురు మాట్లాడారు. ఇళ్ల బిల్లులు కట్టేవాళ్ల తరఫున ఎవరూ లేరు. నేనూ మాట్లాడలేదు, వెనక వరసలో కూర్చుని టీ తాగి వచ్చేశాను.

డిస్కంలు వచ్చే ఏడాది లెక్కలను నవంబరు ఆఖరుకు మండలికి ఇస్తాయి. తర్వాత కొన్నాళ్లకు తెలుగు పేపర్లో ఒక ప్రకటన పడుతుంది, చిన్న అక్షరాలు, నిండా అంకెలు. సామాన్యంగా దాని మీద వేరుశనక్కాయలు పోసుకుంటాం. ఈసారి ఆ పేజీ దాచిపెట్టండి. కరెంటు కొనుగోలు ఖర్చు అన్న వరుస చూడండి. ఎవరి దగ్గర, ఎంతకు, ఏ కాగితం ప్రకారం కొన్నారో చెప్పమని ఒక ఉత్తరం రాయండి. తెలుగులోనే రాయండి. నేనూ ఒకటి రాస్తున్నాను.